ఒకే రోజు కోసిన గడ్డి

ఆ ఆవుని అందరూ కిటికీ అనేవాళ్ళు. దాని ఎడమ డొక్కలో చెయ్యి దూరేంత కన్నం, కన్నానికి రబ్బరు చట్రం, చట్రానికి బిరడాలాంటి మూత. మూత తీస్తే లోపల పెద్ద పొట్ట. మేసిన గడ్డి ఎలా అరుగుతోందో చూడటానికి పశువుల ఫారం వాళ్ళు తొమ్మిదేళ్ళ కింద ఆ కన్నం పెట్టించారు. గాయం ఎప్పుడో మానింది. కమ్మలకి కుట్టిన చెవి కన్నం ఎంత నొప్పి పెడుతుందో అదీ అంతే. కొత్తగా చూసినవాళ్ళు అమ్మో అని గుండెల మీద చెయ్యి వేసుకునేవాళ్ళు. కిటికీ మాత్రం నెమరు ఆపేది కాదు.

ఈ తొమ్మిదేళ్ళూ ఆ కన్నంలోకి వెళ్ళిన చెయ్యి ఒక్కటే. అది పెద్దల్లుడిది.

ఫారంలో ఆయనకి ఇంకో పేరు లేదు. వాళ్ళ మామగారు ఒకప్పుడు ఇదే పాకలో పశువుల కాపరి. కూతుళ్ళిద్దరికీ పెళ్ళి చేసి, అల్లుళ్ళిద్దరినీ ఇక్కడే పనిలో పెట్టించి, తన పని అయిపోయిందన్నట్టు కళ్ళు మూశాడు. ఆయన పోయినా పిలుపులు మిగిలాయి. పెద్దల్లుడు పాకలో, చిన్నల్లుడు గడ్డి మళ్ళలో. చిన్నల్లుడి నోరు ఆగదు, పెద్దల్లుడి నోరు తెరుచుకోదు. ఇద్దరినీ కలిపి ఒక మనిషిని చేస్తే సరిగ్గా సరిపోతారని మామగారే అనేవాడట.

సోమవారం పొద్దున డాక్టరమ్మ పాకలోకి వచ్చింది. పరిశోధన అంతా ఆవిడ చేతి మీదే నడుస్తుంది. ఆవు మొహం చూడలేదు, ఆయన మొహమూ చూడలేదు. గోడకి చెప్పినట్టు చెప్పింది.

"పెద్దల్లుడుగారూ, శుక్రవారం లారీ వస్తుంది. కిటికీని పంపించేస్తున్నాం."

"ఎక్కడికండీ?"

 ఎక్కడికో చెప్పక్కర్లేదు. పదమూడేళ్ళ ముసలిది, పైగా డొక్కలో కన్నం. అలాంటి ఆవుని పాలకి ఎవడు కొంటాడు? ఫారం నుంచి లారీ ఎక్కిన ముసలి ఆవుల్లో ఒక్కటి కూడా ఆ వారం దాటి మేత మేసినట్టు ఎవరూ వినలేదు.

"దాని పొట్ట పాడైందండీ," అంది డాక్టరమ్మ, ఈసారి కాస్త మెత్తగా. "మూడు రకాల గడ్డి సంచుల్లో పెట్టాం కదా. ముప్పై అయిదు రోజులకి కోసింది, యాభై అయిదుకి కోసింది, డెబ్బై అయిదుకి కోసింది. మూడూ ఒక్కలాగే మిగిలాయి. ముదురు గడ్డి సగం మిగిలిందంటే అర్థముంది. లేత గడ్డి కూడా సగం మిగిలితే ఎలా? లేత గడ్డి అరిగించుకోలేని పొట్టతో నేనేం చెయ్యను?"

ఆ సంచుల సంగతి పెద్దల్లుడికి ఆవిడ చెప్పాల్సిన పని లేదు. ఎండబెట్టి బరకగా పొడి చేసిన గడ్డిని తూచి, అరచేతిలో పట్టేంత నైలాన్ సంచుల్లో పోసి, మూతి బిగించి, తాడుకి కట్టి ఆవు పొట్టలో వదులుతారు. రెండు రోజులుంచి తీస్తారు. నీళ్ళు తేటపడేదాకా కడిగి, ఎండబెట్టి మళ్ళీ తూస్తారు. పోయిందంతా అరిగినట్టు, మిగిలిందంతా అరగనట్టు. వదిలేదీ తీసేదీ కడిగేదీ ఆయనే.

గడ్డిలో పీచు ఉంటుంది. లేతగా ఉన్నప్పుడు ఆ పీచు తక్కువ, ఉన్నదీ మెత్తన. పొట్టలో ఉండే సూక్ష్మజీవులు ఇట్టే పట్టుకుని నమిలేస్తాయి. రోజులు గడిచేకొద్దీ కాడ ముదురుతుంది, పీచు పెరిగి చెక్కలా బిగుస్తుంది. అప్పుడు ఆ జీవులకి పళ్ళు దిగవు. గడ్డి కదలక పొట్టలోనే తిష్ఠ వేస్తుంది. పొట్టలో చోటు లేక ఆవు మేత మానేస్తుంది, మేత మానితే పాలు ఎండిపోతాయి. అందుకే ఎన్నో రోజున కోస్తే మంచిదో తేల్చాలని ఈ తతంగమంతా. పీచు లెక్క చెప్పే మిషన్ ఒకటి లాబ్‌లో ఉంది కానీ, అది బాగవడానికి వెళ్ళి రెండు నెలలైంది. ఇప్పుడు ఆ లెక్క చెప్పాల్సింది కిటికీ పొట్టే.

డాక్టరమ్మ వెళ్ళాక పెద్దల్లుడు చొక్కా విప్పి, చేతికి నూనె రాసుకుని, మూత తీశాడు. చెయ్యి భుజం దాకా పోనిచ్చాడు. లోపల వెచ్చన. పైన గడ్డి తెట్టు మందంగా అల్లుకుని ఉంది, కింద నీళ్ళు. వేళ్ళు కదపకుండా ఆగాడు. కాసేపటికి పొట్ట ముడుచుకుని ఆయన చేతిని గట్టిగా నొక్కి వదిలింది. మళ్ళీ ఆగాడు. మళ్ళీ నొక్కింది. పాడైన పొట్ట ఇలా నొక్కదు. పులిసిన కంపు లేదు, నురగ లేదు.

"నీకేం కాలేదే," అన్నాడు ఆవుతో. మనుషులతో అయితే అంత కూడా అనేవాడు కాదు.

చెయ్యి కడుక్కుని లాబ్‌కి వెళ్ళాడు. సంచుల్లో మిగిలిన గడ్డి చిన్న చిన్న పళ్ళేల్లో బల్ల మీదే ఉంది. ముప్పై అయిదు అని చీటీ ఉన్న పళ్ళెంలోంచి చిటికెడు తీసి పంటి కింద పెట్టాడు. గుచ్చుకుంది. ముల్లులాంటి కాడ ముక్క. ఆయన ముందు పంటికి పని చెప్పి, తర్వాత బుర్రకి చెప్పే మనిషి. లేత గడ్డికి ఇలాంటి ముక్క ఎక్కడినుంచి వస్తుంది? ఉమ్మేసి, ఎవరితోనూ ఏమీ అనకుండా గడ్డి మళ్ళ దారి పట్టాడు.

మళ్ళు పాకకి దూరం. డాక్టరమ్మ అటు వెళ్ళదు. ఆవిడకి తూకాలు తెలుసు, గడ్డి మోపులై వచ్చాక తెలుసు. మడిలో నిలబడ్డ గడ్డి తెలియదు. పరీక్ష కోసం మూడు మళ్ళు వేశారు. మూడూ ఒకే రోజు మొదలు. ముప్పై అయిదో రోజున కోసిన మడి కోసి ఇప్పటికి యాభై రోజులు. అది మళ్ళీ మనిషెత్తు పెరిగి ఉండాలి. యాభై అయిదో రోజుది నడుమెత్తు ఉండాలి. మొన్నమొన్న, పది రోజుల కింద కోసింది జానెడు.

మూడు మళ్ళూ జానెడే ఉన్నాయి.

గట్టు దిగి వంగి చూశాడు. మోళ్ళన్నీ ఒకే కత్తికి ఒకే రోజు తెగినట్టు సమంగా, కవలల్లా ఉన్నాయి. కవలలు కూడా కాదు, ముగ్గురు.

అల్లుళ్ళిద్దరివీ ఫారం ఇళ్ళే. ఒకటే గోడ, రెండు గుమ్మాలు, మధ్యలో ఒక కుళాయి. సాయంత్రం చిన్నల్లుడు కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే పెద్దల్లుడు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"మూడు మళ్ళూ ఎప్పుడు కోశావు?"

"వదినా!" అని గట్టిగా కేక పెట్టాడు చిన్నల్లుడు. "బట్టలు లోపల వేసుకో! అన్నయ్య మాట్లాడుతున్నాడు, వాన తప్పదు!"

"ఎప్పుడు కోశావు?"

"ఎప్పటివి అప్పుడే కోశా. చీటీలు చూడలేదా?"

"మోళ్ళు చూసొచ్చాను."

 చిన్నల్లుడు కుళాయి కట్టేసి మళ్ళీ తిప్పాడు. ఇంట్లోంచి అక్కాచెల్లెళ్ళ మాటలు ఆగిపోయాయి.

"అది కాదన్నా. ముప్పై అయిదో రోజున ఒంట్లో బాలేదు. రేపు కోద్దాం, ఎల్లుండి కోద్దాం అనుకున్నా. అలా అలా పోయాయి. ఎలాగూ మూడూ చివర్లో కలిపి లాబ్‌కి పంపేవేగా, అన్నీ ఒకేసారి కోసి, మూడు కుప్పలు పోసి చీటీలు కట్టా. అదే దుబ్బు, అదే నేల, అవే నీళ్ళు. ముందు కోస్తే ఏంటి, వెనక కోస్తే ఏంటి? గడ్డి గడ్డేగా!"

"పుట్టినప్పుడూ నువ్వే, ఇప్పుడూ నువ్వే. అప్పటి ఎముకా ఇప్పటి ఎముకా ఒకటేనా?"

"అబ్బో, అన్నయ్యకి సామెతలు కూడా వచ్చే!"

పెద్దల్లుడు నవ్వలేదు. "నీ గడ్డి వల్ల శుక్రవారం కిటికీ లారీ ఎక్కుతుంది."

చిన్నల్లుడి మొహంలో నవ్వు జారిపోయింది. ఆ సంగతి తెలియదు పాపం అనుకున్నాడు పెద్దల్లుడు. అలా అనుకోవడమే ఆయన చేసిన తప్పు.

"రేపు మధ్యాహ్నంలోగా నువ్వే వెళ్ళి డాక్టరమ్మకి చెప్పు. నువ్వు చెప్తే తిట్టి వదిలేస్తుంది. నేను చెప్తే నీ ఉద్యోగం పోతుంది."

"చెప్తానన్నా. నీ మీద ఒట్టు. పొద్దున్నే చెప్పేస్తా."

లోపలికి వస్తే భార్య తలుపు దగ్గరే ఉంది. "వాడు నా చెల్లెలి మొగుడు," అంది గొంతు తగ్గించి. "వాడే చెప్తానన్నాడుగా. ఒక్క పూట ఆగితే మీ ఆవు కొమ్ములేం ఊడిపోవు."  ఆ పూట ఆగాలని ఆయనే అనుకున్నాడు. కూతుళ్ళిద్దరినీ ఒకే గోడ పక్కన పెట్టి పోయిన మామగారి మొహం చూసి.

మంగళవారం మధ్యాహ్నం డాక్టరమ్మ కబురు పెట్టింది. చెప్పేసుంటాడు అనుకుంటూ వెళ్ళాడు పెద్దల్లుడు. ఆవిడ గదిలో చిన్నల్లుడు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. తల వంచలేదు. 

"ఎనిమిదేళ్ళ కింద," అంది డాక్టరమ్మ, "ఒక సంచి తాడు తెగి ఆవు పొట్టలో ఉండిపోయిందట. మర్నాడు దొరికితే, ముందు రోజే తీశానని మా పాత డాక్టరుగారికి చెప్పారట. నిజమేనా?"

పెద్దల్లుడు చిన్నల్లుడి వైపు చూశాడు.

ఆ మాట ఆయన ఈ భూమ్మీద ఒక్క మనిషికే చెప్పాడు. మామగారు పోయిన వారానికి, పాక వెనక ఇటుకల మీద ఇద్దరూ కూర్చుని ఉన్నప్పుడు. భార్యకి కూడా చెప్పలేదు. చిన్నల్లుడు భుజం మీద చెయ్యి వేసి "నా కడుపులో పెట్టుకుంటా అన్నా, అక్కడే అరిగిపోతుంది" అన్నాడు. అరగలేదన్నమాట. ఎనిమిదేళ్ళు అలాగే దాచి ఉంచాడు, అవసరానికి తియ్యడానికి.

"నిజమేనండి," అన్నాడు.

"ఈసారి సంచులు కూడా మీరే కలిపేశారని, ఆవు పోతోందని తెలిసి ఇప్పుడు గడ్డి మీదకి నెట్టాలని చూస్తున్నారని ఇతను చెప్తున్నాడు."

"ఈసారి నేను కలపలేదండి. గడ్డే ముదురు. మళ్ళు చూస్తే మీకే..."

"మళ్ళెక్కడున్నాయి మేడమ్?" అన్నాడు చిన్నల్లుడు, గాలికి అన్నట్టు. "పొద్దున్నే దున్నించేశా కదా. కొత్త విత్తనానికి సిద్ధం చెయ్యమని పోయిన వారం మీరే చెప్పారు."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ఊరికే అనలేదు పెద్దలు. నిన్న తను ఇచ్చిన ఒక్క పూటలో ఇంత పని జరిగింది. ట్రాక్టర్ తెచ్చి మోళ్ళు దున్నాడు, పాత మాట తవ్వాడు. తనే పూట ఇచ్చాడు, తనే గుట్టు చెప్పాడు, రెండూ తన మీదే తిరగబడ్డాయి. దెబ్బ పరాయివాడు కొట్టి ఉంటే ఎక్కడ తగిలిందో చెప్పగలిగేవాడు. ఇది ఎక్కడ తగిలిందో వెతుక్కోవాల్సి వచ్చింది.

"మీరు చెప్పండి, నేను మిమ్మల్ని ఎలా నమ్మాలి?" అంది డాక్టరమ్మ. ఆవిడ గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువ.

పెద్దల్లుడు తన జన్మలో ఒక్క బిగిన అంతసేపు మాట్లాడింది అప్పుడే.

"నన్ను నమ్మొద్దండి. ఆవుని నమ్మండి. కడుగు తొట్టి నీళ్ళు పారే చోట గడ్డి ఉంది. దూడల కోసం నెలకోసారి కోస్తాను. కోసి ఇవాళ్టికి ఇరవై ఎనిమిది రోజులు. పాక గోడ పక్కన కొయ్యకుండా వదిలేసిన దుబ్బులున్నాయి, ముదిరి పూత కూడా వచ్చింది. రెండూ ఒకటే జాతి. మీ చేత్తో మీరే కొయ్యండి, మీరే తూచి సంచులు కట్టండి. నేను లోపల పెట్టేటప్పుడు పక్కనే నిలబడండి. పెట్టాక పాకకి తాళం వేసి తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. శుక్రవారం తీసి చూడండి. రెండూ ఒక్కలాగే మిగిలితే లారీలోకి నేనే ఎక్కిస్తాను."

చిన్నల్లుడు ఏదో అనబోయాడు. డాక్టరమ్మ చెయ్యి ఎత్తింది. "కొడవలి తీసుకురండి."

గడ్డి కొయ్యడం ఆవిడకి చేతకాలేదు. కొడవలిని చెంచాలా పట్టుకుంది. అయినా పెద్దల్లుడు సాయం పట్టలేదు. వేలు తెగింది, ఆవిడా మానలేదు. కోసింది రాత్రంతా లాబ్ పొయ్యిలో ఎండింది. బుధవారం పొద్దున రెండు సంచులు ఆవు పొట్టలోకి వెళ్ళాయి. పాకకి తాళం పడింది. పొద్దునా సాయంత్రం మేతకీ నీళ్ళకీ డాక్టరమ్మే తాళం తీసి, పక్కనే నిలబడి, మళ్ళీ వేసేది.

ఆ రెండు రోజులూ ఇంట్లో కుళాయి తప్ప ఏదీ మాట్లాడలేదు. భార్య కంచం పెట్టేది, తీసేది. గురువారం మరదలు గుమ్మం దాకా వచ్చింది.

"బావా, ఆయనకి భయం వేసిందట. ఉద్యోగం పోతే మేం ఎక్కడికి పోతాం? కడుపులో పెట్టుకో బావా."

కడుపులో పెట్టుకోవడమనే మాట వింటే ఆయనకి ఇప్పుడు వికారంగా ఉంది. అయినా పిల్ల మొహం చూసి, "నువ్వేం చేశావమ్మా, వెళ్ళు," అన్నాడు.

శుక్రవారం పొద్దున సంచులు బయటికి వచ్చాయి. కడుగుతున్నప్పుడే తెలిసిపోయింది. ఒక సంచి ఖాళీ జేబులా వేళ్ళ మధ్య చప్పగా అతుక్కుపోయింది. రెండోది ఇంకా ఉబ్బుగా, పట్టుకుంటే గరగరలాడింది. డాక్టరమ్మ ఎండబెట్టి తూచేదాకా ఆగింది. లేతదాంట్లో మిగిలింది పావు వంతు. ముదురుదాంట్లో సగం పైనే.

ఆవిడ అంకెలు రాసుకుని, కలం మూత పెట్టి, చిన్నల్లుడిని పిలిపించింది. ఏమీ అడగలేదు. రెండు పళ్ళేలు అతని ముందుకి జరిపింది. చిన్నల్లుడు ఒకసారి పళ్ళేల వైపు, ఒకసారి తలుపు వైపు చూసి, నేల చూపులు చూశాడు. 

సాయంత్రం లారీ వచ్చి, గేటు దగ్గర అరగంట ఆగి, ఖాళీగా వెళ్ళిపోయింది.

"నేను ఒకసారైనా మడి దాకా రావాల్సింది," అంది డాక్టరమ్మ, ఇద్దరూ నిలబడి ఉండగా. "నా తప్పు కూడా ఉంది. ఎవరి ఉద్యోగమూ తియ్యను. కానీ పనులు మారుస్తున్నాను. మళ్ళు నా కంటికి దూరం. అక్కడ రోజు తప్పకుండా లెక్కపెట్టే మనిషి కావాలి. పెద్దల్లుడుగారూ, సోమవారం నుంచి గడ్డి మీది. పాక నా కళ్ళ ముందే ఉంటుంది. సంచులు ఇతను పెడతాడు, ప్రతిసారీ నేను పక్కన ఉంటాను."

పెద్దల్లుడికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నోరు తెరిచాడు.

"అది... కిటికీకి నా చెయ్యే అలవాటండీ."

"తెలుసు." ఆవిడ అంకెల కాగితం మడిచింది. "ఎనిమిదేళ్ళ కింద సంచి సంగతి నాకు తెలియకపోయి ఉంటే బాగుండేది. కానీ తెలిసింది కదా."

ఆవిడని ఏమీ అనడానికి లేదు. ఆవిడ చెప్పిందాంట్లో తప్పు వెతికాడు, దొరకలేదు. తప్పు దొరికిన మనిషి పక్కనే నిలబడి ఉన్నాడు, ఆవు ఆ మనిషి చేతికి పోయింది.

ఇంట్లో మాత్రం గోడకి అటూ ఇటూ సంతోషమే. రెండు ఉద్యోగాలూ నిలిచాయి, ఆవు కూడా నిలిచింది. "చూశారా, ఏమీ కాలేదు," అంది భార్య. అక్కాచెల్లెళ్ళు చాలా రోజుల తర్వాత కుళాయి దగ్గర నవ్వుకున్నారు. ఆయన గుమ్మంలో కూర్చుని ఇన్నాళ్ళూ ఆవు పొట్టలోకి వెళ్ళిన ఎడమ చేతి కండ కుడి చేత్తో నిమురుకుంటూ ఉండిపోయాడు. భార్య చూసి, నొప్పా అని అడిగింది. కాదని తలాడించాడు.

సోమవారం పొద్దున పని అప్పగించాలి. డాక్టరమ్మ పాక గుమ్మంలో కాగితాలు పట్టుకుని నిలబడింది. చిన్నల్లుడు చొక్కా విప్పి, చేతికి నూనె రాసుకున్నాడు. మొహం పాలిపోయి ఉంది.

"గోళ్ళు," అన్నాడు పెద్దల్లుడు.

"ఏంటన్నా?"

"కత్తిరించుకుని రా. ఆ గోళ్ళతో లోపలికి పోకు."

చిన్నల్లుడు వెళ్ళి గోళ్ళు కత్తిరించుకుని వచ్చాడు. మూత తీశాడు. వేళ్ళు దగ్గరగా ముడిచి, చెయ్యి మోచేతి దాకా పోనిచ్చాడు. కిటికీ కాలు మార్చి నిలబడింది. ఉన్నట్టుండి చిన్నల్లుడు కెవ్వుమన్నాడు. "పట్టేసుకుందన్నా! చెయ్యి పట్టేసుకుంది!"

"లాగకు. అదే వదుల్తుంది."

వదిలింది. చిన్నల్లుడు ఊపిరి పీల్చుకుని, సంచుల తాడు రెండో చేత్తో అందుకున్నాడు. "ఎక్కడ వదలమంటావు? ఇక్కడ గడ్డి మెత్తగా పరుపులా ఉంది. ఇక్కడ వదిలెయ్యనా?"

పెద్దల్లుడు అతని చేతిలోని తాడు వైపు చూశాడు.

ఆ తెట్టులో వదిలితే సంచులు పైనే తేలి, సగం పొడిగా ఉండిపోతాయి. లెక్కలన్నీ తప్పుతాయి. నెల తిరిగేలోగా డాక్టరమ్మకి తెలిసిపోతుంది. చిన్నల్లుడికి సంచులు పెట్టడం రాదని తెలుస్తుంది. ఇంకో రకంగా చూస్తే, ఆవు పొట్ట మళ్ళీ పాడైందనీ అనుకోవచ్చు. అప్పుడు లారీ మళ్ళీ వస్తుంది. ఎక్కడ వదలాలో ఎవరూ ఆయనకి నేర్పలేదు. మొదటి ఏడాదంతా వెతికి వెతికి ఆయన వేళ్ళే ఆ చోటు కనిపెట్టాయి. ఆయన దగ్గర ఇక మిగిలింది ఆ ఒక్కటే.

డాక్టరమ్మ కాగితంలోంచి తలెత్తి చూసింది.

"అక్కడ కాదు," అన్నాడు పెద్దల్లుడు. "తెట్టు చీల్చుకుని కిందకి పో. నీళ్ళు తగుల్తాయి. ఇంకా కిందకి. భుజం ఆనేదాకా. ముందు వైపుకి ఒక మడత తగుల్తుంది, మెత్తగా, గట్టులాగా. తగిలిందా?"

"ఆగు... ఆగన్నా... ఆ. తగిలింది."

"దానికి ఇవతల వదులు. బరువు దిగాక తాడు బిగించు. చెయ్యి మెల్లగా తియ్యి. మూత పెట్టాక చుట్టూ వేలితో ఒకసారి చూసుకో, గాలి పోకూడదు."

చిన్నల్లుడు అలాగే చేశాడు. చెయ్యి బయటికి తీసి, ఆకుపచ్చ నీళ్ళు కారుతుంటే నవ్వబోయి, ఎదుట మొహం చూసి మానుకున్నాడు. "అన్నా, చాలా థాంక్స్," అన్నాడు. పెద్దల్లుడు మూత అంచు చుట్టూ తనే ఒకసారి వేలు తిప్పి చూశాడు. బాగానే ఉంది. దూలానికి గుచ్చి ఉన్న కొడవలి తీసుకుని, పాక దాటి, దున్నిన మళ్ళ వైపు నడిచాడు.